గోరువెచ్చగా

పొద్దున ఆరున్నర.
మోక్పో రేవు మీద మంచు ఇంకా విడలేదు.
నాలుగో ఆపరేషన్ గదిలో
సెలైన్ సీసా విప్పి స్టీలు గిన్నెలో వంచుతాను.
థర్మామీటర్ నలభై అంటుంది.
నేను మాత్రం ముంజేతి మీద చుక్క వేసుకుని చూస్తాను,
పసివాడి పాలు చూసినట్టు.

గొట్టం అందులో మునుగుతుంది.
మామూలుది కాదు, రెండు దారులది,
చిటికెన వేలంత లావు.
ఒక ఊపిరితిత్తిని నిద్రపుచ్చి
రెండోదానితో మనిషిని నడిపేది.
అల్మారాలోంచి తీసినప్పుడు
మంచులో వదిలేసిన తోట పైపులా బిర్రబిగిసి ఉంటుంది.
పది నిమిషాలకి
చెప్పిన మాట వింటుంది.

ఓక్ సాంగ్దు, అరవై మూడేళ్ళు.
చేపల రేవులో ఆయనదే వేలంపాట.
నిన్న సంతకం పెడుతూ అడిగాడు:
"కోత సంగతి సరే. గొంతో?"
డాక్టర్ హ్వాంగ్ అబద్ధమాడదు.
"రెండు మూడు రోజులు గీరుకుంటుంది. బొంగురు పోవచ్చు.
మా చేతనైంది చేస్తాం."

చేతనైంది అంటే ఇదే.
ఈ గిన్నె, ఈ వెచ్చదనం,
సరిపోయే వాటిలో అన్నిటికన్నా సన్నటి గొట్టం,
బెలూన్‌లోకి ఒక్క పిసరు గాలి ఎక్కువ పోనివ్వని ఆమె వేళ్ళు.

పోయిన చలికాలం ఒకరోజు తొందరలో
చల్లటి గొట్టమే అందించాను.
బస్టాండులో టికెట్లిచ్చే ఆవిడ
నాలుగు రోజులు మనవరాలితో
కాగితం మీద రాసి మాట్లాడిందట.
గొట్టం వల్లేనని ఎవరూ అనలేదు.
కాదనీ అనలేదు.

మత్తు ఎక్కింది. దీపం నాలుక దాటి లోపలికి వెళ్ళింది.
తెరమీద స్వరతంత్రులు:
రెండు తెల్లటి పోగులు.
ఇంతేనా?
ముప్పై ఏళ్ళుగా రేవంతా బేరమాడింది
ఈ రెండు పోగుల మీదేనా?
వాటి మధ్యనుంచి గొట్టం
ఒరుసుకోకుండా జారింది. డాక్టర్ హ్వాంగ్ ఏమీ అనలేదు.
ఆమె ఏమీ అనకపోతే బాగా జరిగినట్టు.

మర్నాడు డ్యూటీ దిగాక
పనేమీ లేకపోయినా ఏడో అంతస్తుకి వెళ్ళాను.
ఛాతీలోంచి వచ్చే పైపు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.
భార్య కోసిన పియర్ ముక్క పైకెత్తి
వార్డంతటికీ చూపిస్తున్నాడు:
"మూడు వేలు... మూడు వేల ఐదొందలు..."
కాస్త జీర ఉంది.
మధ్యలో ఒకసారి ఆగాడు,
పట్టుకున్నది కుట్లని, గొంతుని కాదు.
పక్క మంచం ముసలాయన వేలెత్తాడు.

"నాలుగు వేలు," అన్నాను తలుపు దగ్గర్నించి.
ఎవరీమె అన్నట్టు ఒక చూపు చూసి
పాట అందుకున్నాడు.