సూచికలో తెలుపు

స్కార్వేగ్ ఊరి హాలు తలుపు మూశాక కూడా
గాలి ఆగలేదు, కింద సందు వెతుక్కుంది.
బల్ల మీద నేను పరిచిన సముద్రం
నాలుగు టీ కప్పుల బరువు కింద
కదలకుండా పడుకుంది.

నేను గీసిన పటమే.
ఓడలు పోయే దారికి ఊదా,
గాలిమరలకి పసుపు,
నౌకాదళం గురి చూసుకునే నీళ్లకి ఎరుపు,
సీళ్లు ఈనే రాళ్లకి ఆకుపచ్చ,
అడుగున పాకే కేబుళ్లకి చుక్కల గీత.
ఎడిన్‌బరోలో కిటికీ లేని గదిలో
పదకొండు నెలలు
ఒక్క చేపనైనా చూడకుండా గీశాను.

మర్డీనా కళ్లద్దాలు తుడుచుకుని వంగింది.
వేలితో తీరం వెంట నడిచింది:
చర్చి, జెట్టీ,
వాళ్ల తమ్ముడి పడవ తిరగబడిన మూల
(అక్కడ వేలు కాస్త తొందరపడింది),
ఆ తర్వాత ఆగింది.
"ఇక్కడ మా తాళ్లున్నాయి."

వేలి కింద ఏ రంగూ లేదు.
పటం అంచున సూచిక చదివింది, పైకే:
"తెలుపు అంటే ఖాళీ."
"ఖాళీ అంటే,
రేపు ఎవరైనా దిగొచ్చా?"

కోపం లేదు గొంతులో.
కిరాణా లెక్క చెప్పినట్టు చెప్పింది:
ముప్పై ఒక్క ఏళ్లు.
తాడు పది మీటర్లు, తాళ్లు ఆరు వందలు.
నల్లగుల్లలకి తామేమీ మేత వేయరు,
పోటు తెచ్చి పెడుతుంది, పాటు ఎంగిలి తీస్తుంది.
మూడేళ్లు ఓర్చుకోవడమే పని.

ముసాయిదా నూట పన్నెండు పేజీలు.
వాళ్ల ఊసు లేకపోలేదు.
ఎనభై నాలుగో పేజీ అడుగున
చీమల బారు లాంటి అక్షరాల్లో ఉంది:
'తగిన చోట జలచరాల పెంపకాన్ని కూడా పరిశీలించవచ్చు.'
సముద్రంలో ఇంగువ కలిపినట్టు.

వెనక వరసలో టోర్క్విల్ లేచాడు, పీతల బుట్టలవాడు.
"ఆమె తాళ్లకి రంగేస్తే
సాల్మన్ పంజరాలకీ వేస్తారు.
ఆ పంజరాల కింద నేల నాకు తెలుసు,
బుట్ట పైకి లాగితే కుళ్లిన గుడ్డు వాసన.
వాటి పేలు ఏటి చేపకి ఎక్కుతున్నాయి.
అది కూడా రాసుకో."

రాసుకున్నాను.

పంజరాల మీద పనిచేసే రూరీ
బూట్లకేసి చూస్తూ అన్నాడు:
"బడిలో తొమ్మిది మంది పిల్లలు.
అందులో నలుగురు మా కంపెనీ వాళ్ల పిల్లలే."
ఇంకేమీ అనలేదు.
కాసేపు కెటిల్ ఒక్కటే మాట్లాడింది.

తగిన చోట.
ఆ రెండు మాటలూ నావే.
రాస్తున్నప్పుడు ఎంత మర్యాదగా ఉన్నాయో!
పొలమైతే గట్టు వేస్తాం, రాయి పాతుతాం.
ఇక్కడ ఒకరి పెంపకం
అడక్కుండా ఇంకొకరి వేటలోకి పారుతుంది.

పొద్దున్నే పడవెక్కించుకుంది మర్డీనా.
తిరగలి మూలిగింది, తాడు పైకొచ్చింది
నల్లగా, నా నడుమంత లావున,
చిటపటలాడుతూ,
సందుల్లో బుల్లి పీతలు, ఒక నక్షత్ర చేప,
ఇవేవీ నా రంగుల పెట్టెలో లేనివి.
వాన మొదలైంది.
"పట్టుకో" అంది. పట్టుకున్నాను.
అరచెయ్యి తెగింది.
"అందరికీ తెగుతుంది" అంది, అంతే.

తిరుగు ఫెర్రీ నా ఊదా గీత మీదే పోతోంది,
కిటికీలోంచి చూస్తే మాత్రం బూడిద రంగు నీళ్లే.
ఒళ్లో ఎనభై నాలుగో పేజీ తెరిచాను.
'తగిన చోట' కొట్టేశాను.
'వచ్చు' కొట్టేశాను.
చీమల్ని అడుగు నుంచి పైకి, పెద్దక్షరాల్లోకి తెచ్చాను.
టోర్క్విల్ వాసనకి ఒక పేరా కావాలి,
రూరీ బూట్లకి ఒకటి.
సూచికలో 'ఖాళీ' దగ్గర
కర్సర్ ఆరి వెలుగుతోంది.

కాళ్ల దగ్గర సంచిలో
ఆమె ఇచ్చిన గుల్లల్లో ఒకటి
మెల్లగా నోరు తెరిచింది.
నా బూటు కదిలింది.
మూసుకుంది.