తెల్లచుక్క

ఇంతియాజ్ తెచ్చిచ్చినాడు, పాత హార్డ్‌డిస్కు.
"ఇరవయ్యారు భాగాలు మామా, జపాను బొమ్మలు.
దెయ్యాల కతే గానీ భయముండదు.
నేను పుట్టకముందుది. రాత్రిళ్ళు నిద్దర పట్టదంటివే, చూడు."

కొర్లగుంటలో మా స్టూడియో షట్టరు సగం దించి
పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే బల్ల మీద
కంప్యూటరు నా పక్కకు తిప్పుకున్నా.
తెర నడుమ పలకంత బొమ్మ, అటూ ఇటూ నల్లటి ఖాళీ,
పెద్ద గోడకు చిన్న కిటికీ పెట్టినట్టు.

భాష ఒక్క ముక్క తెలీదు.
కింద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునే లోపల
మాట్లాడిన మనిషి తలుపేసుకొని పోతాది.
చదవడం మానేసినా.
బొమ్మ చూసినా.

కతేమంటే,
రైళ్ళు ఆగని ఒక స్టేషను. ఆడ ఒక బడిపిల్ల.
చచ్చిపోయినోళ్ళు వచ్చి టికెట్టు అడుగుతారు,
ఆ పిల్ల వాళ్ళ ఊరి పేరు రాసిస్తాది.
అంతే. వాన పడతా ఉంటాది.
నడుమ ఒక రైలు కూత. కతలోదో
రేణిగుంట పక్కదో తెలీలా.

ఇంతియాజ్ కతను చూస్తాడు. నేను చెయ్యిని చూస్తా,
నలభై ఏండ్లు నెగెటివ్ మీద బ్రష్షు పట్టినోణ్ణి.
ఆకాశంలో ఒకచోట నీలం ఆరకముందే ఇంకో పూత తగిలింది.
ఐదో భాగంలో, ఆ పిల్ల భుజం మీద, రెప్పపాటు
ఒక వెంట్రుక. బ్రష్షుది. ఎవురూ తియ్యలా.
వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూసినా.
యాడనో ఒకాయన, మెడనొప్పితో,
టీ చల్లారిపోయిన సంగతి కూడా మరిచి...

ఏడో భాగం కాడ పట్టుకున్నా:
బతికుండేవాళ్ళ కంట్లో తెల్లచుక్క ఉంది.
చచ్చినోళ్ళకి లేదు.

ఆ చుక్క నాకు తెలుసు.
సున్నా నంబరు బ్రష్షు, మొన మీద ఆవగింజంత తెలుపు,
ఊపిరి బిగబట్టాల.

తొంభై నాలుగులో దామలచెరువు నుంచి ఒకాయన,
మామిడి మండీలో గంపలు మోసేవాడు,
ఉన్న ఒక్క ఫొటో తెచ్చినాడు.
తొమ్మిదేండ్ల కూతురు. చాప మీద పండబెట్టినాక తీసింది.
"కండ్లు తెరిపించు సామీ."
ఎట్లుండేవి కండ్లు అంటే పెండ్లాం దిక్కు చూసినాడు.
ఆయమ్మ చానాసేపటికి అనింది:
"నగితే మూసుకుపోయేవి."

ఆ రాత్రి అద్దం ముందర కూచోని
నా కండ్లే చూసి గీసినా.
రెండు చుక్కలు పెట్టినా.
ఫ్రేము కట్టి ఇస్తే ఆయమ్మ కొంగుతో అద్దం తుడిచి
"ఇదే సూపు" అనింది.
అరవై రూపాయలు. తీసుకున్నా.

గంగమ్మ జాతరప్పుడు వేషాలోళ్ళు ఫొటోకి వస్తారు.
ఒళ్ళంతా బొగ్గుపొడి, నడుముకి వేపాకు,
పొద్దున మనకి పాలు పోసిన మనిషే,
ఫ్లాషు పడినా రెప్ప వెయ్యడు.
వాళ్ళ కండ్లలో చుక్క ఉంటాదా అని
ఇన్నేండ్లలో ఒక్కసారీ చూడలా నేను.

పదిహేడో భాగం.
బడిపిల్ల కిటికీ నుంచి ఇటు తిరిగింది.
రెండు కండ్లలోనూ చుక్క లేదు.
ఆ పిల్లకి తెలీదింకా.
స్టేషను మాస్టరుకి తెలీదు, కుక్కకి తెలీదు.
షట్టరు బయట ఎవురో స్కూటరు తంతా ఉండారు,
ఎంతకీ స్టార్టు కాలా.

పొద్దున ఇంతియాజ్‌కి కోపం.
"ఎవురు చెప్పేసినారు నీకు? ఆఖర్లో గదా తెలిసేది!"
ఏమని చెప్పేది.
వెంట్రుక సంగతి చెప్పినా. నవ్వినాడు.

ఇరవయ్యారోది చూడలా.
హార్డ్‌డిస్కు వాడికి ఇచ్చెయ్యాల, ఆదివారం అడిగినాడు.
దామలచెరువులో ఆ ఇల్లు ఉందో, మిద్దె కట్టేసినారో,
మేకుకి తగిలించిన తొమ్మిదేండ్ల పిల్ల
నా కండ్లతో
ఎవుర్ని చూస్తా ఉందో.

నిన్న గడ్డం గీసుకుంటా అద్దం దగ్గరికి వంగినా.
చుక్క ఉంది.
ట్యూబ్‌లైటుది.