పట్టి చూడు

డండీలో ఆ గది తాళం నా చేతికిచ్చారు.
శుక్రవారంలోగా ఖాళీ చెయ్యాలి,
సోమవారం రంగులవాళ్ళొస్తారు.

ప్రొఫెసర్ నెట్టా లమ్స్‌డెన్ వదిలి వెళ్ళినవి:
ఈల పోయిన టీ కెటిల్,
నలభై ఒక్క నోటుపుస్తకాలు,
హీలియం కారకుండా మైనం అద్దిన ఇత్తడి గొట్టం.
దాని మీద ఆమె రాత: "తాత్కాలికం, 1968."
ఇవాళ్టికీ కారదు.

రబ్బరు మాత్రం ఎక్కడా దొరకలేదు.
తప్పుని ఒక్క గీతతో కొట్టాలి,
కింద ఉన్నది కనబడుతూనే ఉండాలి, అదీ ఆమె చట్టం.
పదకొండో పుస్తకంలో మూడు నెలల లెక్క
ఒకే గీత కింద పడుకుని ఉంది.
ఏడేళ్ళకి ఆ లెక్కే నిజమైంది.
అంచున సన్నగా, వేరే సిరాతో: "క్షమించు."
ఎవర్ని అడిగిందో. లెక్కనేనేమో.

క్వాంటం పిల్లి బతికుందా అన్న విలేకరికి
"నా దగ్గర కుక్కే ఉంది" అని చెప్పి
తలుపేసేసిందట.

వాళ్ళమ్మ ఈ ఊరి జనుము మిల్లులో నేతగత్తె.
మోతకి చెవులు పోయాక
పెదాలు చూసి మాటలు పట్టేది,
అరచెయ్యి ఆనించి మగ్గం జబ్బు పట్టేది.
కూతురూ అంతే.
మీటర్లన్నీ బాగున్నాయని మేం అన్నాక
పంపు మీద చెయ్యి వేసి
"ఆగండి, దీనికి ఒంట్లో బాలేదు" అనేది.
మర్నాడు బేరింగు విరిగేది.

మా నాన్నదీ గోనెమిల్లే, చిట్టివలసలో.
ఆ సంగతి చెప్పిన రోజు
నా చెయ్యి లాక్కుని పంపు మీద పెట్టింది.
ఏం తెలుస్తోంది?
ఏమీ తెలియలేదు. తెలిసిందని అబద్ధమాడి
"సరిగ్గా పట్టి చూడవే" అని నన్ను నేను తిట్టుకుంటే
అదేమిటని అడిగింది.

చెప్పాను. మా భాషలో
తిని చూస్తాం, విని చూస్తాం,
అడిగి చూస్తాం, ఆగి చూస్తాం,
చీకట్లో తడిమి కూడా చూస్తాం.
కళ్ళతో పెద్ద పని లేదు.

చాలాసేపు మాట్లాడలేదు.
ఒక్క కణాన్ని, దానికి తెలియకుండా
చూడాలని యాభై ఏళ్ళు గింజుకున్న మనిషి.
"ఊరికే చూడటం అనేది మీకసలు లేదన్నమాట!
ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పొద్దూ" అని
విసుక్కుంటూ పెన్సిలు చెక్కుకుంది.

ఆఖరి పుస్తకం ఆఖరి పేజీలో
వంకర ఇంగ్లీషు అక్షరాల్లో ఆ రెండు మాటలు,
పక్కన ఒక ప్రశ్నార్థకం.
కొట్టివేత లేదు.

భవనానికి ఆమె పేరు పెడతారట.
పలక ఇత్తడా, రాయా అని కమిటీలో తగువు.

కింద ల్యాబులో కొత్త కుర్రాడు ఫెర్గస్,
ఆమెని ఎన్నడూ ఎరగనివాడు,
పంపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.
ఎవరు నేర్పారంటే బిత్తరపోయి
"అందరూ ఇలాగే చేస్తారుగా" అన్నాడు.

పుస్తకాలు పెట్టెలకెక్కాయి. గొట్టం ఉన్నచోటే ఉంది.
టే నది గాలికి వణుక్కుంటూ
కెటిల్ నేను ఇంటికి తెచ్చుకున్నాను, ఎవర్నీ అడగలేదు.
నీళ్ళు మరిగితే అది చెప్పదు.
పిడి పట్టి చూడాలి.