మాటల కూలి

కంచరపాలెం మెట్టు దగ్గర నా డీటీపీ షాపులో
సన్యాసిరావు గారి ఎపిసోడ్లు కొట్టేదాన్ని.
పోర్టులో ముప్పై ఏళ్ళు బస్తాల లెక్క రాసిన చెయ్యి.
సున్నాలు మాత్రమే గుండ్రంగా ఉండేవి.

హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చేది:
"పెద్దకోడలికి డేట్లు లేవట, ఇవాళే చంపెయ్యండి."
ఆయన ఎవర్నీ చంపలేదు.
ఒకామెను కోమాలో పెట్టారు, ఇంకొకామెను కాశీకి పంపారు.
పెద్దకోడలు మేడమీద ఆరేసిన బట్టలు తేవడానికెళ్ళి
నాలుగొందల ఎపిసోడ్లుగా
దిగి రాలేదు.

ఈ మాటలెక్కడివండీ అంటే నవ్వేవారు.
ఓ ఆదివారం వెంట వెళ్ళాను, జాలారిపేటకి.
ఎర్రమ్మ వంజరం కోస్తూ, తలెత్తకుండానే,
"నా మొగుణ్ణి నాను తిట్టిన తిట్టు
నిన్న టీవీలో పట్టుచీర కట్టుకొని కూకుందేటి బాబూ?
కిలోకి ఇరవై ఎక్కువియ్యి.
నా మాటలకి కూలి."
ఇచ్చారు. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ.

ఆయన పేరు తెరమీద అరసెకను.
అప్పటికే సబ్బు నురగ మొదలయ్యేది.

ఆయన పోయిన వారం ఎవరో రాశారు.
ఇంటిల్లిపాదీ
పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతున్నారు.
మేడమీది మనిషిని ఎవరూ పిలవలేదు.
సముద్రం గాలికి
ఆ బట్టలు ఈపాటికి ఆరిపోయుంటాయి.