వేలెడు సందు

నేను రాసేది ఎవరూ చదవరు,
ఒక్క దాలినాయుడు తప్ప.

కాశీబుగ్గలో, సైకిల్ షాపు మేడ మీద
పగలు లారీల వెనక రెక్కలు చాచిన గద్దల్ని గీసి
రాత్రి నా బొమ్మల కథ గీసే మనిషి.
పెదాలు కదుపుతూ చదువుతాడు నా కాగితాన్ని,
మందుల చీటీ చదివినట్టు.
బొమ్మ అయిపోయాక
అదే కాగితంతో కుంచె తుడుచుకుంటాడు.

"పేజీ ఒకటి. గడి ఒకటి.
తెల్లవారుజాము. బట్టీ పొగ.
ఒక ఆడమనిషి జీడిపిక్కలు కొడుతోంది.
వేళ్లు నల్లగా ఉన్నాయి."

అక్కడ ఆగిపోయాడు.
"నలుపంటే ఏ నలుపండీ?
మసి నలుపా, సొన కాల్చిన నలుపా?
మసైతే కడిగితే పోద్ది.
సొనైతే అంచుల్లో తోలు లేచి మధ్యలో ఎర్రగుంటాది.
రెండిటికీ ఒక్క గీత సాలదు."

పళ్లొచ్చిన దగ్గర్నుంచీ ఆ పప్పు తింటున్నాను.
ఆ సంగతి తెలీదు నాకు.

మర్నాడు పోలమ్మ దగ్గరికెళ్లాం.
చేతులు చూపించమంటే చూపించలేదు. పని ఆపలేదు.
టక్, టక్, పప్పు ఒక పక్కకి, పెంకు ఒక పక్కకి.
నిలబడే కథ చదివి వినిపించాను.
మూడో పేజీలో ఆమె నోట నేను పెట్టిన మాట
బుడగలో పదకొండు వరసలు:
చెమట, న్యాయం, రాబోయే ఏదో ఉదయం.

"ఓలమ్మ, ఇన్ని మాటలే!
ఇయన్నీ ఆడే లోపల
అరకేజీ పిక్కలు కొట్టీసి ఎలిపోనా?"

ఆ రాత్రి కొట్టేస్తూ కూర్చున్నాను.
పదకొండు ఐదయింది. ఐదు రెండు.
తెల్లారేసరికి ఖాళీ బుడగ, దాని తోక.
దాలినాయుడు తోక కూడా చెరిపేసి
ఆ జాగాలో సుత్తి గీశాడు.
మాటకింత అని కూలి కట్టి ఉంటే
ఆ వారం నాకు పస్తే.

తుఫాను పేజీ మూడుసార్లు రాశాను.
గాలి రాశాను. రేకులు ఎగరడం రాశాను.
"బయట చీకటి, భయంకరంగా" అని రాశాను.
పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు.
"భయంకరంగా అంటే ఎలగ గీయమంటారు?
ఆ రాత్రి నాను మంచం కిందున్నాను.
నాకేటీ అగుపడనేదు.
మా అయ్య తలుపుకి వీపు ఆనించి నిలబడిపోనాడు.
ఆయన పాదాలు అగుపడ్డాయి. అంతే."

నాలుగోసారి రాసింది ఇది:

"పేజీ ఏడు. గడి రెండు.
రాత్రి. తలుపు దగ్గర రెండు పాదాలు.
మడమలు నేలలోకి దిగినట్టు.

గడి మూడు.
పొద్దున్న. అవే పాదాలు, గుమ్మం అవతల.
ఎదర కొండ.
ఈ ఇంటి గుమ్మంలోంచి ఆ కొండ
ఇంతకు ముందు కనబడేది కాదు."

"మధ్యలో?"
"ఏమీ లేదు. సందు."
"ఎంత?"
"ఎప్పట్లాగే. వేలెడు."

స్కేలు పెట్టాడు. తీశాడు.
ఆ తెల్లటి జాగానే చూస్తూ ఉండిపోయాడు,
అందులో ఒక్కో చెట్టూ పడేదాకా ఆగుతున్నట్టు.
కింద ఎవరో షట్టర్ దించారు.
ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

పుస్తకం వచ్చింది.
అట్ట మీద నా పేరులో ఒత్తు పోయింది,
అతని పేరు గద్ద రెక్కంత ఉంది. పర్వాలేదు.

పోలమ్మకి చదువు రాదు.
తడిచేతిని చీరకి తుడుచుకుని
ఒక్కో పేజీ తిప్పుతూ పోయింది,
పాడైన పప్పు ఏరినట్టు.
ఏడో పేజీ దగ్గర ఆగింది.
రెండు గళ్ల మధ్య వేలు పెట్టింది.
సరిగ్గా పట్టింది.

"ఇక్కడే," అంది, "మా చెట్లు."

వేలు తీశాక కాగితం మీద మరక.
దాలినాయుడు వంగి, కళ్లజోడు పైకెత్తి చూశాడు.
"ఇదండీ," అన్నాడు,
"నాకు కలవని నలుపు."