అట

ఎంపీ లిసాంద్రో ఓలాచియా
లిమాలో కాఫీ తాగుతూ పెట్టిన పోస్టు:
"ఎనభై నాలుగులో ఆ కొండల్లో ఎవరో చచ్చిపోయారట.
ఎముకలు ఇంకా లెక్కపెడుతున్నారట."
చివర ఓ పసుపు బొమ్మ,
నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

నలభై నిమిషాల్లో తీసేశాడు.
అప్పటికే దేశమంతా ఫొటో తీసి దాచుకుంది.
సాయంత్రానికి టీవీలో ఆరు గళ్ళల్లో ఆరు తలలు.
ఒకాయన సందర్భం అన్నాడు, ఒకామె ఎన్నికలంది.
"ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అన్నాడు ఓలాచియా.
ఉంటే.

అయకుచో పైన, గడ్డి నేల మీద
రాత్రి మంచుకు పరిచిన బంగాళాదుంపల్ని
నీరు దిగేదాకా తొక్కుతోంది సతుర్నీనా.
మనవరాలు యెసేనియా ఫోన్ చూసి
స్పానిష్‌ని కెచువాలోకి మార్చి చెప్పింది,
చేపలో ముళ్ళు ఏరి పెట్టినట్టు.
ఆ భాషలోనూ ఉంది, మనకున్నట్టే, ఓ తోక:
కళ్ళారా చూడనిదానికి తగిలించే అట.

"ఎవరో ఏమిటి? తియోఫిలో.
మోచేతి దగ్గర చిరిగితే ఎర్ర ఉన్నితో నేనే కుట్టాను.
మొన్నామధ్య గోతిలోంచి స్వెటర్ తీసి
బల్ల మీద పరిచారుగా,
ఆ ముడి నాదే.
నాకిప్పటికీ ముడి వెయ్యడం సరిగ్గా రాదు."

కాళ్ళు మాత్రం ఆగలేదు.

"పోనీలే, మొత్తం చెరిపేశాడట" అంది పిల్ల.
"మొత్తం ఎందుకూ?
చచ్చిపోయారు. అది ఉంచొచ్చుగా.
చివర ఆ ఒక్క ముక్క కొట్టేస్తే
సరిపోయేది."

బొమ్మ సంగతి
యెసేనియా చెప్పలేదు.