సప్పటి సముద్రం

పాతపోస్టాఫీసు వెనక జనపనార గొడౌనులో
జలాంతర్గామికి తుప్పు పూసే పని నాది.
కాఫీపొడి, జిగురు, గుప్పెడు రంపపుపొట్టు,
ఆ పైన ఇటుకరంగు.
మూడు రోజుల్లో ముప్పై ఏళ్ల తుప్పు.

ప్లైవుడ్డు పొట్ట, థర్మాకోలు రివిట్లు,
గాజువాక పాతసామాన్ల కొట్లో బేరమాడిన
ప్రెషర్ గేజీలు పదకొండు.
ఒకటి ఏ బాయిలరు మీద బతికిందో
ఎవరూ ముట్టుకోకపోయినా
దాని ముల్లు అప్పుడప్పుడూ ఉలిక్కిపడేది.

యుద్ధమంతా ముందే తీసేశారు.
మిగిలింది ఆఖరి సీను.
దెబ్బతిని అడుక్కి దిగిపోయిన ఇనప కడుపులో
పద్నాలుగు మంది.
మోకాళ్ల దాకా, నడుం దాకా,
గడ్డం దాకా నీళ్లు.
డైరెక్టరుకి నిద్రపట్టని అనుమానం ఒకటే:
చివరికి కెమెరా దేన్ని చూడాలి?
జెండానా, ఫొటోలో పాపనా,
తేలుతున్న టోపీనా?

మూల ప్లాస్టిక్ కుర్చీలో కర్రి అప్పలసూరి.
నేవీలో ఇరవై రెండేళ్లు
సోనార్ ముందు చెవులతో బతికినవాడు,
ఇప్పుడు ఎడం చెవికి మిషను.
సలహాకని పిలిచి టీ ఇచ్చి మరిచిపోయారు.
ఆయనే అన్నాడు:
"సూడ్డానికేటుంటాది బాబూ అక్కడ?
లైటు ముందే పోతాది.
పైన ఎవులైనా ఉన్నారేమో అనీసి
స్పానరుతో గోడమీద కొడతారు.
కొట్టి, ఆగుతారు.
ఆ ఆగడం తియ్యండి, తియ్యగలిగితే."

డైరెక్టరు తలూపి
టోపీకి కొలతలు తీయించాడు.

సముద్రం రెండు వీధుల అవతలే ఉంది,
గోడకి వీపు ఆనిస్తే తెలిసేంత దగ్గర.
కానీ ఉప్పునీళ్లు కెమెరాలకి పడవట.
అందుకని సముద్రం లారీలెక్కి వచ్చింది
పన్నెండు ట్యాంకర్లుగా,
నడి మే నెలలో,
రెండ్రోజులకోసారి కుళాయి దగ్గే పేటలోకి.

నీలిరంగు డబ్బా నా చేతికిచ్చి
కలపమన్నారు.
గేటు సందులోంచి చూశాను.
ఇత్తడివి, స్టీలువి, రంగు వెలిసిన ప్లాస్టిక్‌వి,
ఎవరూ చెప్పకుండానే వరస కట్టిన బిందెలు.
డబ్బా మూత తియ్యలేదు నేను.
లైట్లకి నీలం కాగితాలు కట్టించాను.
"బాగా కలిసింది" అన్నాడు కెమెరామన్.

టేకు.
నీళ్లు గడ్డాల దాకా వచ్చాయి.
లైట్లు ఒక్కొక్కటే ఆర్పాం.
పద్నాలుగు మందీ ఊపిరి బిగబట్టారు,
ఫ్యాన్లు లేవు, ఫోన్లు లేవు,
నా చెమట కారడం నాకే వినబడుతోంది.

ఠంగ్.

బయట ఎవరో ఖాళీ బిందెతో
ఇనప గేటు మీద కొట్టారు.
కొట్టి
ఆగారు.

చీకట్లో పద్నాలుగు తలలూ
ఒక్కసారి అటు తిరిగాయి.
అది నటన కాదు.
సౌండు కుర్రాడు తిట్టబోయాడు.
అప్పలసూరి లేచి నిలబడ్డాడు,
ఎత్తిన చెయ్యి దించలేదు చాలాసేపు.
కట్ చెప్పడం మరిచిపోయింది ఎవరో
ఇప్పటికీ యూనిట్లో తగువే.

పేకప్ అయ్యాక
సబ్‌మెరీన్ అడుగున గొట్టం విప్పాం.
మొదటి బిందె తెడ్డు పోలమ్మది.
గేటు మీద కొట్టింది తనే, దాచుకోలేదు.
దోసిలి పట్టి, నాలిక్కి తగిలించి, ఉమ్మేసి,
"ఇదేటి, మీ సముద్రం సప్పగుంది!
కాపీ వోసనొస్తంది" అంది.
"తాగడానికి కాదమ్మా" అన్నాను.
"బట్టలకైనా ఇదే మాకు గోదారి" అని
బిందె ముందుకు తోసింది.

రాత్రి ఒంటిగంట దాకా నడిచింది వరస.
టోపీ ఎవరి బిందెలోకో జారిపోయింది.
వీధిదీపం లేదు.
గొట్టం అప్పలసూరి పట్టుకున్నాడు,
కుడిచెవి బిందె మీదికి వంచి.
నీళ్ల చప్పుడు బొంగురుగా మొదలై
సన్నబడి, సన్నబడి,
మెడ దగ్గరికి రాగానే
"చాలు" అనేవాడు.

ఒక్క చుక్క
నేల మీద పడలేదు.